వంతెన అవతలి ఇన్సులిన్

కారు హారన్ విని ఆర్డిస్ వాకిట్లోకి వచ్చింది గానీ, ఆమె చేతిలో మందు చల్లగా ఉంచే ఐసు పెట్టె లేదు.

"ఇంక మందు కోసం కెనడా పోనక్కర్లేదు వెండెల్! ఈ ఏడాది నుంచి మెడికేర్‌లో, అదే మన ముసలాళ్ల సర్కారు బీమాలో, ఇన్సులిన్‌కి నెలకి ముప్పై అయిదు డాలర్లేనట. వీధి చివర షాపులోనే ఇచ్చేశారు. నీకూ అంతే, పోయి తెచ్చుకో."

"బతికిపోయాం," అన్నాడు వెండెల్.

"నీ డొక్కు కార్లో నా నడుం విరిగే బాధ తప్పింది," అని నవ్వి ఆమె తలుపు వేసుకుంది.

అక్కడ మందు చవకని ఆరేళ్లుగా నెలకోసారి ఇద్దరూ వంతెన దాటి కెనడా వెళ్లేవారు. అక్కడి మందుల షాపులోంచి చెరొక సంచీతో బయటికొచ్చి, పక్క హోటల్లో భోంచేసేవారు. "షుగరు జంటకి తీపి వద్దమ్మా," అని ఆర్డిస్ ముందే చెప్పేసేది. వెండెల్ చక్కెర లేని కాఫీ తాగేవాడు.

ఆ రోజు అతనొక్కడే వంతెన దాటాడు. అదే బల్ల దగ్గర కూర్చుని, ఐస్‌క్రీం వేసిన యాపిల్ కేకు తెమ్మన్నాడు.

వడ్డించే అమ్మాయి కంగారుపడింది. "అదేంటండీ, మీకు షుగరు కదా!"

"షుగరు ఆర్డిస్‌కమ్మా," అన్నాడు వెండెల్. "నాకెప్పుడూ లేదు."