నశ్యం డబ్బా

“నా నశ్యం డబ్బా ఎక్కడ దాచావే?” విశాలాక్షి కోడలి మీద విరుచుకుపడింది.

“పొద్దుట్నుంచి నాలుగుసార్లు దాంతోనే పళ్లు తోముకున్నారు కదా, అత్తయ్యా. చిగుళ్ల మీద ఆ తెల్లమచ్చ చూశారా?”

“చాల్లే. నా అంత శుభ్రం భట్టిప్రోలు మొత్తంలో ఎవరికుందే?”

“శుభ్రం కోసమే అయితే ఇదిగోండి, పేస్టు.” సాయి సుధ బ్రష్షు చేతికిచ్చింది.

విశాలాక్షి పంతంగా తోముకుంది. పది నిమిషాలైనా గడవకుండానే వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించి, నేల మీది కందిపప్పులో వేళ్లతో వెతుకుతూ కోడలి కంటపడింది.

సుధ పప్పు ఎత్తడానికి పక్కన కూర్చుంది.

“పన్నెండో ఏట పంటినొప్పికని మా అమ్మ నశ్యం పెట్టింది,” అంది విశాలాక్షి తలెత్తకుండా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కొడుకుతో చెప్పింది: “రేపు నన్ను తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరా.”

తర్వాత సుధ వైపు తిరిగింది.

“డబ్బా నీ దగ్గరే ఉంచు. అన్నం తినగానే అడుగుతాను. తిట్టినా, ఏడ్చినా ఇవ్వకు.”