పునీతుడి పళ్లకు పూత

“ముందు మా స్వామికి పుయ్యి బాబూ. ఆ తర్వాతే పిల్లలు నోళ్లు తెరుస్తారు.”

చర్చి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది దొన్యా ఫిదెన్సియా. ఆ ఏడాది ఉత్సవానికి ఆవిడే పెద్ద. తల్లులంతా పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

పిల్లల పళ్లకు ఫ్లోరైడ్ పూత వేయడానికి పుయెబ్లా పట్నం నుంచి వచ్చిన డాక్టర్ లెయోబార్దోకి ఏమీ అర్థం కాలేదు.

“ఏ స్వామికమ్మా?”

“ఇంకెవరికి, పాస్కువాల్ పునీతుడికి.”

ఆవిడా తల్లులూ వెంట రాగా లోపలికి వెళ్లి చూశాడు. కొయ్య విగ్రహమే గానీ నోట్లోవి నిజం పళ్లు. ఎప్పుడో భక్తులు మొక్కుకుని ఇచ్చుకున్నవి.

“అమ్మా, తీపి తింటే నోట్లో పులుపు పుట్టి పంటి పైపొరలోని సున్నాన్ని లాగేస్తుంది. ఉమ్మిలో ఉన్న సున్నం తిరిగి అక్కడ చేరి గట్టిపడటానికి ఈ పూత సాయం చేస్తుంది. స్వామికి ఉమ్మీ లేదు, తీపీ తినడు.”

“తినడని నీకెవరు చెప్పారు? రోజూ తీపి రొట్టె పెడుతున్నాం. ఒక్కనాడూ మిగల్లేదు.”

చర్చి గంట కొట్టే ముసలాయన మీసం తుడుచుకుంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

డాక్టరు చూపు తల్లి లంగా చాటున నిలబడ్డ ఓ పాప మీద పడింది. ముందు పళ్ల మీద సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చలు. ఇప్పుడు పూత వేస్తే అక్కడితో ఆగుతాయి. ఆలస్యమైతే గుంతలే.

స్టూలెక్కి, పునీతుడి పళ్లు దూదితో తుడిచి, చిన్న కుంచెతో శ్రద్ధగా పూశాడు. దిగుతూ అలవాటు కొద్దీ అనేశాడు: “సాయంత్రం దాకా గట్టివి తినకూడదు. వేడివి తాగకూడదు.”

“విన్నావుగా,” అంది దొన్యా ఫిదెన్సియా విగ్రహంతో.

పిల్లల నోళ్లన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. మచ్చల పాపతో మొదలుపెట్టాడు. ఆఖరి పిల్లాడికి కూడా వేసేసి, నడుం నిమురుకుంటూ సంచీ సర్దుకుని బయటికొచ్చాడు.

మెట్ల దగ్గర పైపేట వాళ్లు తమ మిగెల్ దేవదూత విగ్రహాన్ని భుజాల మీంచి దించుతున్నారు. వెనకాల వాళ్ల పిల్లలు, పెదాలు బిగించి.

“మీ దూతకీ నిజం పళ్లేనా?” నీరసంగా అడిగాడు డాక్టరు.

ముందున్న పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఆయన నోరే తెరవడు బాబూ. పళ్లన్నీ ఆయన కాళ్ల కిందున్న సైతానువి.”