దొంగలకు మనవి

దొంగల్ని ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా అన్న దగ్గర బోర్డుగారి కలం ఆగిపోయింది.

బోర్డుగారంటే బ్యాంకులో గుమాస్తా. ఏ నోటీసు కావాలన్నా ముప్పై ఏళ్లుగా ఆయనే రాస్తున్నాడు గనక ఆ పేరు. ‘ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు’ అని రాస్తే సరిగ్గా ఆ అక్షరాలకే ఆనించి సైకిళ్లు పెట్టేవారు. ‘పెన్ను తీసుకెళ్లకండి’ అని రాస్తే పెన్ను పోయింది, దానికి కట్టిన దారం పోయింది, చివరికి నోటీసూ పోయింది. తన రాతను శ్రద్ధగా చదివినవాడు ఈ లోకంలో తానొక్కడే. అదీ తప్పులు దిద్దుకోవడానికి.

ఇప్పుడొచ్చిన పని వేరు. మూడు నెలల్లో ఊళ్లో నాలుగు ఏటీఎంలను పేల్చేశారు. నాలుగోదానితో పాటు పై వాటా స్నానాలగది కూడా బకెట్టుతో సహా రోడ్డు మీదికొచ్చింది. ఒక బ్యాంకు నోట్ల మీద రంగు చిమ్మే పెట్టెలు పెట్టింది. ఇంకొకటి మెషీన్లనే పీక్కుపోయింది. ఈ బ్యాంకు మేనేజరు బోర్డుగారిని పిలిచాడు.

“రంగు పెట్టెలు అడిగాను, రాలేదు. ఇనప తలుపులు అడిగాను, రాలేదు. ఇక మిగిలింది మీరే.”

“నేనా సార్?”

“రేపట్నుంచి ఆరింటికల్లా మెషీను ఆపేస్తాం. రాత్రిళ్లు అందులో పైసా ఉండదని ఆ వెధవలకు నమ్మకం కుదరాలి. అలా రాయండి.”

“నోటీసులు ఎవరూ చదవరు సార్.”

“దొంగలు చదువుతారు. వాళ్లు పని మీద వచ్చేవాళ్లు.”

ఆ మెషీను గది మీదే బోర్డుగారి ఇల్లు. సరిగ్గా దాని నెత్తిన ఉన్న గదిలో, తుంటి ఎముక విరిగి, అత్తగారు మంచాన పడి ఉంది. కదిలిస్తే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“అయితే అల్లుడుగారూ, ఇక మీ రాత మీద పడుకోవాలన్నమాట నేను,” అంది ఆవిడ. “అక్షరదోషాలు లేకుండా చూడండి.”

‘దొంగలకు హెచ్చరిక’ అని మొదలుపెట్టాడు. హెచ్చరించే మొహమేనా ఇది అనిపించి కొట్టేశాడు. ‘గౌరవనీయులైన దొంగలకు’ అని రాశాడు. భార్య భుజం మీదుగా తొంగి చూసి, “ఏమండీ, సన్మానమా?” అంది.

అసలు చిక్కు మర్యాద దగ్గర కాదు, నమ్మకం దగ్గర. ఆయనకు తన మాట తనకే నమ్మబుద్ధి కాదు. ‘బాగున్నాను’ అని చెప్పాక కూడా, అవునో కాదో ఎదుటివాడి మొహం చూసి తేల్చుకునే మనిషి. అందుకని తన లోపల ఒక దొంగను కూర్చోబెట్టి వాడికి చదివి వినిపించాడు. వాడు ఎప్పట్నుంచో అక్కడే ఉంటున్నట్టు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మొదటి ప్రతి విని నవ్వాడు. రెండోది విని ఆవులించాడు. ఆరోది విని నోరు మూసుకుని లేచి వెళ్లిపోయాడు.

‘అయ్యా, సాయంత్రం ఆరు తర్వాత ఇందులో డబ్బు ఉండదు. అనవసరంగా శ్రమపడవద్దు. పైన లేవలేని పెద్దావిడ ఉన్నారు. దయచేసి వెళ్లిపోండి.’

మర్నాడు ఎదుటి అరుగు మీద నిలబడి, దారినపోయేవాడిలా దాన్ని చదువుకున్నాడు. తన రాతకు తన కళ్లే చెమర్చాయి. ఎవరైనా చూశారేమోనని సిగ్గేసింది.

రెండు నెలల్లో అటు వీధిలో ఒకటి, ఇటు వీధిలో ఒకటి పేలాయి. ఇది మాత్రం చెక్కుచెదరలేదు. అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చోగలుగుతోంది. ఇంతలో ముగ్గురు దొంగల్లో ఒకడు దొరికాడు. తమ మెషీను సంగతేమిటో కనుక్కోమని బ్యాంకు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని బోర్డుగారు పోలీస్ స్టేషనుకు వెళ్లాడు.

“వీడే,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మీది ఎందుకు వదిలేశావురా అంటే నోటీసు చదివానంటాడు.”

బోర్డుగారు వాడివైపు తిరిగాడు. ముప్పై ఏళ్లకు మొదటి పాఠకుడు. బేడీలతో ఉన్నాడు.

“మొత్తం చదివారా?” అని అడిగాడు ఉండబట్టలేక.

“రెండుసార్లు సార్. మీరే రాశారా?”

“ఆ... ఏదో.”

“అటు వీధి బ్యాంకువాడు కూడా డబ్బు లేదనే రాశాడు సార్. కేకలేసినట్టు రాశాడు. నమ్మలేదు. పేల్చి చూస్తే నిజంగానే లేదు! మీది చదివి మావాడన్నాడు, ఇంతగా బతిమాలుకునేవాడికి అబద్ధమాడే దమ్మెక్కడిదిరా, పద పోదాం అని.”

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. “పొగడ్తేనండీ, తీసుకోండి. మిగతా ఇద్దరూ ఇంకా బయటే తిరుగుతున్నారు. దొరికేదాకా ఆ నోటీసు తీయకండి. వాళ్లూ మీ అభిమానులే.”

బోర్డుగారికి ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. జన్మకల్లా గొప్పగా చెప్పుకోవడానికి దొరికిన ఒకే ఒక్క మాట. పైన మంచంలో ఉన్న మనిషి కళ్ల ముందు మెదిలి, దాన్ని మింగేశాడు.

“నాదేముందండీ, ఉన్నమాట రాశాను,” అన్నాడు.

నోటీసు పెట్టిన రోజు నుంచీ, సాయంత్రం ఆరింటికి బ్యాంకు ఆ మెషీన్లో ఆర్పుతున్నది తెర ఒక్కదాన్నే. లోపలి డబ్బును ఏ ఒక్క రాత్రీ ఎవరూ బయటికి తీసింది లేదు.