పన్నెండూ ఇరవైకి నీళ్లు

"ఏమయ్యా వైకుంఠం, ఈసారన్నా నీళ్లు నాలాలో ఉంటాయా, మళ్లీ చార్మినార్ ఎక్కుతాయా?"

పెద్ద ఇంజనీరు ఆనందరావు మాటకు ఆఫీసంతా గొల్లుమంది. వైకుంఠం కూడా నవ్వాడు. నవ్వక చస్తాడా! తప్పు తనదే మరి. చెరువు తూము ఎత్తితే నీళ్లు ఎక్కడికి ఎప్పుడు, ఎంత ఎత్తున చేరతాయో ముందే చెప్పే లెక్క అతనిది. కాగితం మీద నాలాను వంద గజాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలోకి పైనుంచి ఎంత వచ్చింది, కిందికి ఎంత పోయింది అని చూసుకుంటూ పోవాలి. కిందటిసారి పది నిమిషాలకొకసారి చూశాడు. ఆ పది నిమిషాల్లో అసలు నీళ్లు ఆరు ముక్కలు దాటిపోతే, లెక్క ఇంకా మొదటి ముక్కలోనే తచ్చాడింది. అంకెలకు పిచ్చెక్కి, గౌలిపుర కల్వర్టు దగ్గర రెండు వందల అడుగుల నీళ్లు చూపించాయి.

"ఈసారి అర నిమిషానికొకసారి చూసిన సార్. యూనివర్సిటీ కంప్యూటర్ల వేసి మూడుసార్లు సరిచూసిన."

"సరే. రేపు పదింటికి ఫలక్‌నుమా అవతలి కుంట తూము ఎత్తిస్తాను. నీళ్లు మీ గౌలిపురకు ఎప్పుడొస్తాయి?"

"పన్నెండూ ఇరవైకి సార్. అడుగు మీద నాలుగంగుళాలు."

"వస్తే మనం తవ్వబోయే కొత్త కాలువకు నీ లెక్కే వాడదాం. రాకపోతే రెండేళ్లు కంప్యూటర్ దగ్గర ఆడుకున్నది చాలు, మళ్లీ నకళ్లు గీసే గదిలో కూర్చో."

ఆ గది వైకుంఠానికి తెలియనిది కాదు. కిటికీ లేని గదిలో ఆరేళ్లు ఇతరుల గీతల మీద గీతలు గీశాడు. మళ్లీ అక్కడికి పోవడమంటే బతికుండగా గోడలో పెట్టి కట్టించుకోవడమే.

సాయంత్రం ఇంటికి రాగానే తల్లి కాశమ్మను, మేనమామ ఓదెలును కూర్చోబెట్టాడు. ఎండాకాలం వస్తే గౌలిపుర పాలవాళ్లంతా కల్వర్టుకు పైన అర మైలు దూరంలో, నాలాకు అడ్డంగా ఇసుక మూటలు వేసి కట్ట కడతారు. సన్నగా పారే నీరు అక్కడ నిండితే బర్రెలు పొద్దంతా పడుకుంటాయి.

"ఆ కట్ట రేపు పొద్దుగాల్నే తియ్యాలె మామా. లేకుంటే నా నీళ్లు ఆడనే ఆగుతయ్."

"గీ ఎండల బర్రెలు యాడ పండాలెరా, నీ నెత్తి మీదనా?" అన్నాడు ఓదెలు.

"నువ్వు ఊకో," అని తమ్ముణ్ని కసిరి, కాశమ్మ కొడుకు వైపు తిరిగింది. "తీస్తం తీయి బిడ్డా. గని నీ నీళ్లు ఎన్ని గంటలకు రావాలె? ఎంతెత్తు రావాలె?"

వైకుంఠం చెప్పాడు. ఆమె రెండోసారి చెప్పించుకుంది. ఆఫీసులో ఒక్కరూ ఇంత శ్రద్ధగా అడగలేదే అని అతనికి కళ్లు చెమర్చాయి.

"ఫికర్ చెయ్యకు. అంత మంచిగనే అయితది," అంది కాశమ్మ.

మర్నాడు మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. ఆనందరావు పది నుంచే కల్వర్టు మీద గొడుగు కింద నిలబడి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ వాచీ చూస్తున్నాడు. కింద అంగుళాల గీతలున్న కర్ర పాతి ఉంది. నాలాలో నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. పన్నెండు దాటింది. పన్నెండుంబావు అయింది. వైకుంఠం కర్ర మీది గీతలు మళ్లీ లెక్కపెట్టాడు.

అంతలో బర్రెలు నీళ్లోడుతూ గల్లీలోకి వచ్చాయి. కట్ట తీసేసినా మిగిలిన మడుగులోనే పడుకునుంటాయి, మిట్టమధ్యాహ్నం నీళ్లు వదిలి రమ్మంటే రాని బర్రెలవి! "నా వరద తాకిడికే బెదిరి లేచుంటయ్," అనుకుని అతను పొంగిపోయాడు. వాటి వెనుకే ఓదెలు మోకాళ్ల దాకా తడిసి వచ్చి, కల్వర్టు చివర నిలబడ్డ కాశమ్మ పక్కన చేరాడు. ఎన్నడూ లేనిది మామ చేతికి ఎవరిదో వాచీ. ఆఫీసర్లు వస్తున్నారని ముస్తాబు కాబోలు!

పన్నెండూ ఇరవై. నాలా మలుపులో గలగలమంది. గడ్డి పోచలనూ పేడనూ నెట్టుకుంటూ నీళ్లు దూసుకొచ్చాయి. కర్ర మీద గీతలు ఒక్కొక్కటే మునిగాయి. పది... పన్నెండు... పదహారు... పదిహేడు దగ్గర ఆగాయి.

"ఒక్క అంగుళం ఎక్కువైంది గదనే అక్కా," అని గొణిగాడు ఓదెలు.

"నోరు ముయ్యి," అంది కాశమ్మ.

ఆనందరావు మాత్రం గొడుగు పక్కన పారేసి వైకుంఠాన్ని వాటేసుకున్నాడు. "అంగుళం ఒక లెక్కా! నిమిషం తప్పలేదయ్యా! కొత్త కాలువ నీదే. ఇవాళే రాసి పంపుతాను."

"ఎండల నిలవడ్డరు సార్. ఇంట్లకు రాండ్రి, సల్ల తాగుండ్రి," అంటూ కాశమ్మ ఆయన్ని ఇంకో క్షణం నాలా వైపు చూడనివ్వలేదు. ఆయన రెండు లోటాల మజ్జిగ తాగి, జీపెక్కి వెళ్లిపోయాడు.

జీపు దుమ్ము అణగకముందే ఇంటి పక్క సందులోంచి తూము కావలి శివయ్య సైకిలు నడిపించుకుంటూ బయటికొచ్చాడు. వైకుంఠం ఎదురెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"శివయ్యా, ఇదంత నీ చేతుల మహిమనే! సరిగ్గ పదింటికి తిప్పినవ్ గదా?"

శివయ్య కాశమ్మ వైపు చూశాడు. కాశమ్మ కొంగు సర్దుకుంటూ బర్రెల వైపు చూసింది.

"నేను పదిన్నరకే ఉరికొచ్చిన సారూ. మీరు ఆఫీసర్లతోని ఉండిరి. అందుకే అమ్మకు చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"తూము షట్టరు తుప్పువట్టి లేవనేలేదని."