పెద్దది విన్న హోరు

బల్ల మీద పడుకున్న కూతురి మెడకు డాక్టరమ్మ స్కాను పరికరం ఆనించగానే గదంతా హోరు నిండింది.

"నెలసరి సరిగా రాదని వస్తే మెడకు స్కానేంటమ్మా?" అంది పక్కనున్న తల్లి. "దీనికి పిల్లాడు పుట్టాడుగా, అండాశయాల్లో నీటిబుడగల జబ్బు పోయినట్టే కదా."

ఇదే జబ్బున్న అక్కకు కాన్పయ్యాకా అమ్మ ఇదే మాటంది. మందులు మాన్పించింది.

"పిల్లలు పుడితే పోయేది కాదమ్మా," అంది డాక్టరమ్మ. "దానివల్ల ఇనుముకు తుప్పు పట్టినట్టు మెడలోని రక్తనాళాల లోపొర మెల్లగా దెబ్బతినొచ్చు. ఈ హోరు రక్తం పారే చప్పుడే."

పక్షవాతంతో పోకముందు అక్క, చెవిలో ఏదో హోరంటూ ఉండేది. "సముద్రం మింగావా?" అని ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

"ఈ అమ్మాయికి బాగానే ఉంది," అంటూ డాక్టరమ్మ చప్పుడు తగ్గించబోయింది.

తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆపకమ్మా. పెద్దది వినమని ఎంత బతిమాలిందో."