మూడో గేరు

లారీ గేరుబాక్సు దించి గోనెపట్టా మీద పెట్టేసరికి ఏలూరు ఇంకా సరిగా నిద్ర లేవలేదు.

మెకానిక్ అబ్బాయిరాజు పైమూత విప్పి టార్చి వేసి చూశాడు. మూడో గేరు పళ్లు అరిగి, వాడేసిన సబ్బుబిళ్ల అంచుల్లా గుండ్రంగా తిరిగిపోయాయి.

“ఈ బండికి ఐదు గేర్లంటారు గానీ నాలుగేనండి దాసుగారూ. మూడోది మన సలోమి అక్కగారే!”

షెడ్డులో వాళ్లంతా నవ్వారు. లారీకి ఓనరూ డ్రైవరూ తనే అయిన క్రీస్తుదాసు నవ్వలేదు. నవ్వాలని గుర్తు రాలేదు.

అబ్బాయిరాజు మాటలో అబద్ధమేం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరు ఉన్నట్టుండి జారిపోతుంది. బండి ఒక్క కుదుపు కుదిపి వెనక్కి పోతుంది. అందుకని కామవరపుకోట దాటాక వచ్చే పెద్ద ఎత్తు దగ్గర భార్య సలోమి పక్కసీట్లోంచి వంగి రెండు చేతులా గేరు రాడ్డు అదిమి పట్టుకోవడం, ఎత్తు దాటాక “స్తోత్రం” అని వదిలేసి అరచేతులు చీరచెంగుకి తుడుచుకోవడం, పెళ్లయిన కొత్తలో మొదలైన వరస. చేయించేద్దాం అన్నప్పుడల్లా ఆమెది ఒకటే మాట, “నేనున్నాగా!” నిజం చెప్పాలంటే, గేరు బాగైతే ఆమె బండెక్కడం మానేస్తుందని క్రీస్తుదాసు కూడా పట్టించుకోలేదు.

“ఇన్నాళ్లూ లేంది ఇవాళే ఏంటండీ ఇంత తొందర? ఇది రెండ్రోజుల పనండి.”

“మధ్యాహ్నానికల్లా అయిపోవాలండి. పొద్దుండగానే మా ఊళ్లో ఉండాలి. ఎత్తు మీద కుదుపు రాకూడదు, అంతే.”

“లోడెంతండి?”

“ఎక్కువేం లేదండి.”

“ఆ కాస్తదానికీ ఇంత హడావిడెందుకండీ? వేరే బండి మాట్లాడుకోండి. లోడుకని గూడెం ఖాళీగా వెళ్లే బళ్లు బోల్డు.”

“వద్దండి. మా బండిలోనే వెళ్లాలి.”

అబ్బాయిరాజు అతని మొహం వంక చూశాడు. రాత్రికి రాత్రి చెరువులో చేపలన్నీ తేలిపోయిన కొల్లేటి రైతుల మొహాలు అతనికి తెలుసు. ఇదీ అలాంటి మొహమే. ఇంకేం అడక్కుండా షెడ్డులో మనుషులందర్నీ ఈ పనిమీదే పెట్టాడు.

విప్పిన ముక్కలన్నీ క్రీస్తుదాసు తనే కూర్చుని డీజిల్లో కడిగాడు. వేలు ఎక్కడో కోసుకుంది. డీజిల్ తగిలితే భగ్గుమనాలి, ఏమీ అనలేదు. చేతులు వాటి పాటికి అవి పని చేస్తున్నాయి, ఎవరివో అన్నట్టు. ఎవరో ఇచ్చిన టీ పక్కనే చల్లారి మీగడ కట్టింది.

సెల్‌ఫోన్ మోగింది. సలోమి తమ్ముడు ఎడ్విన్.

“బావా, ఐసు కరిగిపోతోంది. ఇంకో రెండు దిమ్మలు తెప్పించనా?”

“తెప్పించు. దిమ్మలకంటిన ఊక శుభ్రంగా కడిగించు.”

ఆ మాటలు షెడ్డంతా వినపడ్డాయి. అబ్బాయిరాజు తల పంకించాడు. “ఈ ఎండలకి సరుకు ఆగదులెండి. కానిచ్చేద్దాం.”

కొత్త గేరొచ్చింది, బేరింగులొచ్చాయి. గేరుని జరిపే ఫోర్కు వంగిపోతే అదీ మార్చారు. అబ్బాయిరాజుకి చేతులు ఆడుతుంటే నోరు ఊరుకోదు.

“అక్కగారేరండీ? ఈపాటికి ఫ్లాస్కు పట్టుకుని దిగాలే!”

“వట్లూరులో ఉంది. తమ్ముడింట్లో.”

“ఏంటండీ, పోట్లాడుకున్నారా?”

క్రీస్తుదాసు కడిగిన బోల్టు గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. “మాట్లాడట్లేదండి.”

“అలకపాన్పు ఎక్కారన్నమాట! మీరే వెళ్లి బతిమాలి తెచ్చుకోండి. ఎవరో ఒకరు తగ్గాలి కదండీ.”

“వెళ్తానండి.”

చైన్ పుల్లీతో గేరుబాక్సు పైకి లేపి బిగించేసరికి రెండు దాటింది. ఇద్దరూ బండిని బైపాసు ఎక్కించారు. ఎత్తు రాగానే పక్కసీట్లోంచి అబ్బాయిరాజు చెయ్యి అలవాటుగా రాడ్డు మీదికి పోయింది.

“పట్టుకోకండి,” అన్నాడు క్రీస్తుదాసు. పొద్దున్నుంచీ అతని గొంతు లేచింది ఆ ఒక్కసారే.

గేరు జారలేదు. ఎక్కించీ దింపీ మళ్లీ చూశారు. రాయిలా ఉంది.

“అయిపోయిందండి! ఇక రాడ్డు ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అక్కగారిని చేతులు ముడుచుకుని హాయిగా రమ్మనండి.”

“సరేనండి,” అన్నాడు క్రీస్తుదాసు.

వట్లూరులో ఎడ్విన్ ఇంటి ముందు బండి ఆపాడు. వెనక డోరు దించారు. నలుగురు పట్టి ఎక్కించారు, చుట్టూ ఐసు సర్దారు. ఎడ్విన్ పక్కసీట్లో ఎక్కబోతే వద్దన్నాడు క్రీస్తుదాసు. ఎడ్విన్ కూడా వెనకే ఎక్కాడు.

కామవరపుకోట దాటేసరికి ఇంకా పొద్దుంది. పెద్ద ఎత్తు వచ్చింది. మూడో గేరు వేశాడు. పక్కసీటు ఖాళీగా ఉంది. రాడ్డు మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. రాడ్డు కదల్లేదు. ఒక్క కుదుపు లేదు. ఈ ఎత్తు ఇంత సుఖంగా ఎక్కొచ్చని ఇన్నేళ్లలో అతనికి తెలీదు.

ఎత్తు దాటింది. “స్తోత్రం” అని ఎవరూ అనలేదు.

పెళ్లయ్యాక మొదటిసారి సలోమి ఆ ఎత్తుని లారీ వెనక, ఐసు దిమ్మల మధ్య పెట్టెలో పడుకుని, రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని ఎక్కింది.