చుక్కి పంచిన మేత

పెరటి తొట్టిలో చుక్కి అనే గప్పీ చేప నిండు చూలాలు. గుడ్లు పెట్టి తన దారి తను చూసుకునే జాతి కాదు, ఏకంగా పిల్లల్నే కనే జాతి. ఆ గొప్ప వినని వాళ్లు తొట్టిలో లేరు.

చుక్కి దిగులంతా ఇరుగుపొరుగు గురించే. నల్లచేప బంగారత్తకి నోరు మూతపడదు, మాటలకైనా మేతకైనా. కప్ప వీరాస్వామి ఉపవాసమని చెబుతూనే ఈగల్ని మింగే భక్తుడు.

"అత్తా, నా పిల్లల జోలికి రావు కదా?"

"కడుపు నిండితే ఎందుకొస్తానే!" అంది బంగారత్త నిజాయితీగా.

ఆ మాట పట్టుకుని చుక్కి రోజూ తన వాటా మేత వాళ్లిద్దరికే పెట్టింది.

"నువ్వూ తినవే, వట్టి మనిషివి కాదు," అంది బంగారత్త నములుతూనే.

"ముందు మీరు తినండత్తా."

కానుపు రోజున ఎవరూ మాట తప్పలేదు. బంగారత్త పొట్ట బరువుకి కదల్లేదు. వీరాస్వామి త్రేన్చి కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ పస్తులున్న చుక్కి కళ్ల ముందు మాత్రం సన్నగా ఏవో మెరుస్తూ కదిలాయి. ఆ ఆకలికి అవి పిల్లల్లా కనిపించలేదు.

తెలివొచ్చేసరికి, నాచులో దూరిన ఒక్క పిల్ల మిగిలింది.

"రా తల్లీ, అమ్మని. భయం లేదు, అందరూ కడుపునిండా తిని పడుకున్నారు."

"నీ కడుపు నిండిందా అమ్మా?" అంది పిల్ల నాచులోంచే.

నిండిందంటే దేనితో నిండిందో చెప్పాలి. నిండలేదంటే పిల్ల బయటికి రాదు. చుక్కి నోరు గట్టిగా మూసుకుని, నాచు ముందు అలాగే నిలబడిపోయింది.